పూలమొక్క పచ్చగానే ఉన్నా టమాటాకు ముప్పే!

ఇంటి ముందు పూలమొక్కలు, వెనుక నాలుగు సాళ్ల టమాటా. చాలామంది రైతుల ఇళ్ల దగ్గర కనబడేదే ఇది. పూలమొక్క నిండుగా పూస్తోంది కదా, దానికేం తెగులు ఉంటుందిలే అనుకుంటాం. కానీ వంగ కుటుంబానికి చెందిన కొన్ని పూలమొక్కలు పైకి ఆరోగ్యంగా కనబడుతూనే టమాటా, బంగాళాదుంపలను దెబ్బతీసే వైరాయిడ్‌ను మోస్తుంటాయి. కంటితో చూసి దీన్ని పట్టుకోలేం. పరీక్ష చేయించాల్సిందే.

ఏమిటీ వైరాయిడ్?

ఇది వైరస్ కంటే చిన్నది. వైరస్‌కు పైన ప్రొటీన్ తొడుగు ఉంటుంది, దీనికి అదీ లేదు. ఉత్త ఆర్.ఎన్.ఎ. పోగు మాత్రమే. బంగాళాదుంపలు కండెలా సాగిపోయే తెగులుకు ఇదే కారణమని 1971లో అమెరికా శాస్త్రవేత్త టి.ఓ. డీనర్ వెల్లడించారు. టమాటాకు సోకితే తల గుబురుగా మారుతుంది. ఆకులు చిన్నవై ముడుచుకుంటాయి, కాయ సైజు తగ్గుతుంది. ఎండలు ముదిరితే లక్షణాలు ఎక్కువవుతాయి. ఆకుముడత అనుకుని తెల్లదోమకు మందు కొడితే డబ్బు దండగే.

ఎక్కడ బయటపడింది?

నెదర్లాండ్స్‌లో 2006లో పరీక్షలు చేస్తే, వేలాడే పెద్ద పూల బ్రుగ్మాన్సియా, తెల్లపూల సోలానమ్ తీగల్లో ఏ లక్షణమూ లేకుండానే ఈ వైరాయిడ్ దొరికింది. దాంతో 2007లో యూరప్ దేశాలు ఈ రెండింటికీ ప్రత్యేక నిబంధనలు పెట్టాయి. పిటూనియా, నైట్‌క్వీన్, ఉమ్మెత్త కూడా వంగ కుటుంబానివే. మన దేశంలో టమాటా బంచీటాప్ తెగులుకు నిమ్మజాతి ఎక్సోకార్టిస్ వైరాయిడ్‌కు చెందిన ఒక రకమే కారణమని 1991లో తేలింది. ఎక్సోకార్టిస్ వైరాయిడ్ సోలానమ్ తీగలోనూ కనబడింది.

పరీక్ష ఎలా?

వైరస్‌లకు వాడే ఎలిసా పరీక్ష ఇక్కడ పనికిరాదు. అది ప్రొటీన్‌ను గుర్తిస్తుంది, వైరాయిడ్‌లో ప్రొటీనే లేదు. అందుకే ఆకు నుంచి ఆర్.ఎన్.ఎ. తీసి, ఆర్.టి.-పి.సి.ఆర్. పద్ధతిలో కొన్ని లక్షల రెట్లు పెంచి చూస్తారు. అనుమానపు మొక్క రసాన్ని లేత టమాటా మొక్కలకు రుద్ది, వారాల తరబడి గమనించే పాత పద్ధతీ ఉంది. దీన్ని మీరు ఇంటి దగ్గర చేయొద్దు, తెగులును మీరే పంచినట్టవుతుంది.

అనుమానం ఉంటే లేత ఆకులను శుభ్రమైన పాలిథిన్ సంచిలో పెట్టి, పేరు, తేదీ రాసి, ముందుగా మండల ఉద్యాన అధికారిని గాని, కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలను గాని అడగండి. పరీక్ష చేసే ప్రయోగశాల ఏదో వారు చెబుతారు.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

* సోకిన మొక్కను నయం చేసే మందు లేదు. పరీక్షలో తేలితే పీకి కాల్చేయండి.
* కొమ్మ కత్తిరింపులతోనే ఇది ఎక్కువగా పాకుతుంది. పూలమొక్కలు కత్తిరించిన కత్తితో టమాటా మొక్కలను తాకవద్దు.
* కత్తిని 1 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో ముంచి, తర్వాత మంచినీటితో కడగండి. చేతులు సబ్బుతో కడుక్కోండి.
* పూలమొక్కల పని టమాటా పని ముగిశాకే పెట్టుకోండి.
* నర్సరీలో అంటు కొనేటప్పుడు తల్లిమొక్కకు పరీక్ష చేయించారా అని అడగండి. ఆకు పచ్చగా ఉందన్న మాట ఒక్కటే నమ్మి కొనవద్దు.