ఒక్క ఏడాది సుల్తాన్లు!

ఐపీఎల్ పుట్టడానికి మూడేళ్ల ముందే మనకో లీగ్ జట్టు ఉండేది. అది ఆడింది క్రికెట్ కాదు... హాకీ! బరిలోకి దిగిన తొలి ఏడాదే కప్పు కొట్టింది. నాలుగేళ్లు తిరిగేసరికి చరిత్రలో కలిసిపోయింది. ఆ జట్టు పేరు హైదరాబాద్ సుల్తాన్స్.

హైదరాబాద్‌కు హాకీ కొత్తేమీ కాదు. బార్సిలోనా, అట్లాంటా, సిడ్నీ... వరసగా మూడు ఒలింపిక్స్ ఆడిన ముఖేశ్ కుమార్ ఈ ఊరివాడే. 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు ఇక్కడే జరిగాయి. ఫైనల్లో మన కుర్రాళ్లు పాకిస్థాన్‌ను 3-1తో ఓడించి స్వర్ణం అందుకున్నారు. నగరంలో హాకీ వేడి అలా రాజుకుంది.

గచ్చిబౌలిలో మొదలు

2005 జనవరిలో ప్రీమియర్ హాకీ లీగ్ మొదలైంది. భారత హాకీ సమాఖ్య, ఈఎస్‌పీఎన్-స్టార్ స్పోర్ట్స్ కలిసి పెట్టిన టోర్నీ అది. మొదటి ఏడాది పోటీలకు వేదిక గచ్చిబౌలి స్టేడియమే. జట్లను రెండు అంచెలుగా విడదీశారు. పై అంచెలో సుల్తాన్స్‌తోపాటు చెన్నై, బెంగళూరు, జలంధర్, మరాఠా జట్లు తలపడ్డాయి. పాకిస్థాన్ ఆటగాళ్లు కూడా వచ్చి ఆడారు.

ఆట తీరునూ మార్చేశారు. అప్పటిదాకా హాకీ అంటే 35 నిమిషాల చొప్పున రెండు భాగాలు. ఈ లీగ్‌లో పదిహేడున్నర నిమిషాల చొప్పున నాలుగు భాగాలు చేశారు. ప్రకటనలకు వీలు దొరికింది, ఆటగాళ్లకూ ఊపిరి తీసుకునే సమయం చిక్కింది. అప్పట్లో ముక్కున వేలేసుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ 2014లో అంతర్జాతీయ హాకీయే నాలుగు భాగాల పద్ధతికి మారింది!

సుల్తాన్స్ జట్టులో పెద్ద పేరు దిలీప్ టిర్కీ. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో భారత కెప్టెన్. గోల్ ముందు అతడు నిలబడితే గోడ కట్టినట్టే. ఫైనల్లో షేర్-ఎ-జలంధర్‌ను ఓడించి సుల్తాన్స్ తొలి విజేతగా నిలిచింది.

ఎందుకు నిలబడలేదు?

ఆ తర్వాత మరో కప్పు రాలేదు. 2006లో బెంగళూరు, 2007లో ఒరిస్సా స్టీలర్స్, 2008లో మళ్లీ బెంగళూరు గెలిచాయి. పోటీలు కూడా చెన్నై, చండీగఢ్‌లకు తరలిపోయాయి. పేరులో హైదరాబాద్ మిగిలింది, ఆట మాత్రం ఊరు దాటింది. కళ్లముందు ఆడని జట్టును ఎవరు మాత్రం ఎన్నాళ్లు గుర్తుపెట్టుకుంటారు?

దెబ్బ మీద దెబ్బ అన్నట్టు, 2008 మార్చిలో భారత జట్టు బ్రిటన్ చేతిలో ఓడి బీజింగ్ ఒలింపిక్స్‌కు దూరమైంది. మరుసటి నెలలోనే హాకీ సమాఖ్యపై వేటు పడింది. అదే నెలలో ఐపీఎల్ ఆర్భాటంగా మొదలైంది. లీగ్ మూతపడింది, దాంతోపాటే సుల్తాన్స్ కూడా.

అమెరికాలో జాన్స్‌టౌన్ అనే చిన్న ఉక్కు పట్టణం ఉంది. అక్కడి ఐస్ హాకీ జట్టు పేరు చీఫ్స్. ఆడేది పెద్ద లీగ్ కాదు, ఆటగాళ్లు జగమెరిగిన వీరులూ కాదు. అయినా 1988 నుంచి 2010 దాకా, 22 ఏళ్లు నిలబడింది. కారణం ఒక్కటే... ఏటా అదే ఊళ్లో, అదే జనం ముందు ఆడింది.

నదికి ఆవలి ఒడ్డు

విశాఖ మన్యంలో ముంచింగిపుట్టు నుంచి మాచ్‌ఖండ్ దారి పడితే కాసేపటికే ఒడిశా వస్తుంది. ఆ రాష్ట్రం ఉత్తర కొసన ఉన్న సుందర్‌గఢ్ జిల్లా దిలీప్ సొంతగడ్డ. అక్కడి ఆదివాసీ పల్లెల్లో హాకీ పండగలాంటిది. గెలిచిన జట్టుకు మేకపోతును బహుమతిగా ఇచ్చే పోటీలు నేటికీ జరుగుతాయి. సౌనామారా అనే అలాంటి పల్లెలోనే దిలీప్ కర్ర పట్టాడు. దేశానికి 400కు పైగా మ్యాచ్‌లు ఆడాడు. 2022లో హాకీ ఇండియా అధ్యక్షుడయ్యాడు. ఆ జిల్లాలోని రూర్కెలాలోనే 2023 ప్రపంచకప్ కోసం దాదాపు 20 వేలమంది కూర్చునే స్టేడియం వెలిసింది. అక్కడ ఆటే ముందు పుట్టింది, స్టేడియం తర్వాత వచ్చింది.

2024 డిసెంబరులో హాకీ ఇండియా లీగ్ మళ్లీ మొదలైంది. ఈసారి మన పేరుతో హైదరాబాద్ తూఫాన్స్ దిగింది. అర్జెంటీనాలో పుట్టిన గొంజాలో పెయాను వేలంలో 68 లక్షల రూపాయలకు కొనుక్కుంది. 2025 ఫిబ్రవరి 1న ఫైనల్‌దాకా వెళ్లి, బెంగాల్ టైగర్స్ చేతిలో 3-4 తేడాతో ఓడింది. కానీ ఆ పోటీలు జరిగింది రూర్కెలా, రాంచీల్లో. ఆ ఏడాది హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా లేదు!

సుల్తాన్స్ నేర్పిన పాఠం అదే. కప్పు ఒక్క ఏడాదిలో గెలవచ్చు. వేలంలో ఆటగాళ్లను కొనుక్కోవచ్చు. ఊరిపిల్లల చేతికి కర్ర అందనంతకాలం, జెర్సీ మీద ఊరిపేరు ఎంత పెద్దగా రాసినా ఆ జట్టు ఊరిది కాదు. మన్యంలోనో, పాతబస్తీలోనో ఓ పిల్లాడు హాకీ కర్ర పట్టి ‘నేనూ ఆ జట్టులో ఆడతా’ అన్నరోజే అది నిజంగా మన జట్టు!