కొండలకు, కడలికి నడుమ

విశాఖపట్టణ ప్రాంతమును చూడవచ్చు యాత్రికులలో కొందరు సముద్రతీరమునకు పోవుదురు. మరికొందరు కొండలపైకి పోవుదురు. అలల యొడ్డున ఒక సాయంకాలమును, మంచు కమ్మిన కొండపై ఒక యుదయమును గడపి, ఆ ప్రాంతమునంతయు చూచితిమని తలంతురు. ఆ రెండింటి నడుమనున్న నేలను చూచువారు అరుదు. అట్టి నడిమి నేలలోని చిన్న పట్టణము చోడవరము. కొండలకు పోవు బస్సు ఇచ్చట కొలదిసేపు ఆగును. ప్రయాణికులు టీ త్రాగి మరల బస్సెక్కుదురు. వారు గమనింపని విషయమొకటి కలదు. కొండయు, కడలియు వేర్వేరు లోకములు కావు. ఆ రెండింటిని కలిపి కట్టిన ముడి ఈ నడిమి నేలయందే యున్నది.

చోడవరము పూర్వము విశాఖపట్టణము జిల్లాలో నుండెడిది. 2022 ఏప్రిల్ 4వ తేదీన క్రొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఇది అనకాపల్లి జిల్లాలో చేరినది. ఊరికి దక్షిణమున సుమారు 35 కిలోమీటర్ల దూరమున బంగాళాఖాతము కలదు. వాయవ్యమున సుమారు 20 కిలోమీటర్లు పోయినచో, మాడుగుల యొద్ద తూర్పుకనుమల పాదము కనిపించును. స్వయంభూ విఘ్నేశ్వరాలయము, గౌరీశ్వరాలయము ఈ యూరికి పేరు తెచ్చినవి. చుట్టును చెరకు తోటలు, వరిచేలు పచ్చగా నుండును.

ఈ నేలను తెలిసికొనగోరువారు కడలి యొడ్డుననే ప్రయాణము మొదలిడుట మేలు. తీరమున పూడిమడక యను పెద్ద జాలరి గ్రామము కలదు. వేకువజామున పడవలు తిరిగి వచ్చువేళ ఇసుకతిన్నెలన్నియు సంతవలె సందడిగా నుండును. అమ్ముడుపోని చేపలను స్త్రీలు ఉప్పు పట్టించి యెండబెట్టుదురు. నెత్తళ్లవంటి చిన్న చేపలను ఇసుకపైననే పరచి యెండనిత్తురు. ఎండుచేప పలుదినములు చెడదు; కావుననే అది దూరప్రయాణము చేయగలదు.

తీరమునుండి లోపలికి రాగా, శారదానది యొడ్డున అనకాపల్లి యున్నది. అచ్చటి బెల్లపు మార్కెట్టు దేశమున ప్రసిద్ధినొందినది. అచ్చట చెరకు పరిశోధనకేంద్రము 1913లోనే నెలకొన్నది. చోడవరము చుట్టుపట్ల పల్లెలలో గానుగ యాడు దినములలో తీయని సువాసన గాలిలో తేలుచుండును. చెరకు రసమును వెడల్పైన పెనములో కాచుదురు. సున్నపుతేట వేయగా పైకి తేలిన మడ్డిని దేవివేయుదురు. పాకము ముదిరినపిదప అచ్చులలో పోసి దిమ్మలు కట్టుదురు. రసము తీయగా మిగిలిన పిప్పి యెండి, ఆ పొయ్యికే వంటచెరకగును. పూర్వము చోడవరము చేరువనున్న గోవాడలో రైతులు వాటాదారులుగా సహకార చక్కెర కర్మాగారము కూడ వెలసినది.

చోడవరము దాటి మాడుగుల చేరినచో, గోధుమపాలతో చేయు హల్వా బాటసారిని ఆపును. గోధుమలను నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, పంచదారతోను నేతితోను చేయు ఈ మిఠాయి ఆ యూరి పేరును దూరదేశములకు చేర్చినది. అచ్చటినుండి పాడేరు వైపు పోవు దారి మలుపులు తిరుగుచు పైకెక్కును. పాడేరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. కొండవాలులలో సిల్వర్‌ ఓక్‌ చెట్ల నీడన కాఫీ పండును. ఆ చెట్లనే మిరియపు తీగలు అల్లుకొనును. గిరిజనుల వారపు సంతలలో చింతపండు, పసుపు, తేనె, అడ్డాకులు, చీపుళ్లు అమ్మకమునకు వచ్చును. వాని ప్రక్కనే గంపలలో కడలి యెండుచేప యుండును! సముద్రమును చూడని కొండబిడ్డయు సముద్రపు టుప్పును రుచి చూచును. కొండనెరుగని జాలరి యింటిలో కొండ చింతపండుతో పులుసు కాగును.

మనుష్యులు చేయు ఈ యిచ్చిపుచ్చుకొనుటకు మూలముగా ప్రకృతి చేయునది మరొకటి కలదు. అది నీటి ప్రయాణము. సముద్రముపైనుండి వచ్చు తేమగాలులు కొండలను తాకి పైకి లేచి, చల్లబడి, వానగా కురియును. ఈ యడవులు మలబారు కొండలందలి నిత్యహరితారణ్యముల వంటివి కావు. వీనిలో నధికభాగము వేసవిలో ఆకురాల్చునవియే. లోతైన లోయలలో మాత్రము పచ్చదనము ఏడాది పొడవునను నిలుచును. రాలిన యాకులు నేలపై మెత్తని పరుపుగా ఏర్పడును. ఆ పరుపును, చెట్ల వేళ్లును వాననీటిని పట్టియుంచి కొంచెము కొంచెముగా విడుచును. అందువలననే వానలు వెలిసిన పిదపకూడ గెడ్డలు పారుచుండును. ఆ గెడ్డల నీరే శారదానదిగా పల్లమునకు దిగి, చెరకును, వరిని పండించి, తుదకు కడలిలో కలియును. దేవరాపల్లి యొద్ద నదిపై కట్టిన రైవాడ జలాశయము పొలములనే కాక విశాఖపట్టణవాసుల దప్పికను గూడ తీర్చుచున్నది.

కావున కొండపై చెట్టు కూలినచో నష్టము కొండకే పరిమితము కాదు. నేల నగ్నమైనచో వాన ఒక్క పెట్టున వరదయై పారును; మన్ను కొట్టుకొనిపోయి జలాశయములను పూడ్చును; వేసవిలో గెడ్డ యెండును. కొండవాలున అడవిని నరికి, కాల్చి చేయు పోడు వ్యవసాయమువలన ఈ కీడు కొంత కలిగినది. కాని దానికి గిరిజనులను నిందించుట న్యాయము కాదు. ఆకలిగొన్నవానికి వేరొక దారి చూపవలెను. నీడచెట్లను నిలుపుచు సొమ్ము తెచ్చు కాఫీతోట అట్టి దారులలో నొకటి. ఆ దారియు సులభమైనది కాదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్‌ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటి, కొండలపైని కాఫీతోటలలో నీడచెట్లను పెక్కింటిని కూల్చినది. కడలిలో పుట్టిన గాలి కొండపై రైతు కష్టమును ఒక్కనాటిలో హరించినది. కొండకు, కడలికి గల బంధము సుఖమునందే కాదు, దుఃఖమునందును గలదని ఆ తుపాను చాటినది.

చోడవరము మీదుగా కొండలకు పోవు బాలబాలికలు బస్సు ఆగినప్పుడు ఒక్కసారి క్రిందికి దిగి చూతురు గాక! ఒకవైపు దూరమున నీలికొండలు కనిపించును. కడలి కనిపించదు, కాని బజారులో ఎండుచేపల వాసన దాని జాడను తెలుపును. చేతిలోని బెల్లపు ముక్కలో కొండవాన తీపియై నిలిచియుండును. కొండపై తాము పారవేయు కాగితమైనను, ప్లాస్టిక్‌ సంచియైనను గెడ్డలో పడి, పొలములు దాటి, జాలరి వలలో చిక్కునని వారు తెలిసికొందురేని, ఆ యాత్ర సఫలమగును.