రహదారి విశ్రాంతి స్థలములు: వినియోగ నియమములు, పంచాయతీల కర్తవ్యము

బాటసారికి నీడయు, నీరును సమకూర్చుట మన దేశమున తరతరములుగా పుణ్యకార్యముగా భావింపబడుచున్నది. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి గుట్టపై అశోక చక్రవర్తి చెక్కించిన శాసనములు నేటికిని నిలిచియున్నవి. మనుష్యులకును, పశువులకును ఉపయోగపడునట్లు దారుల వెంబడి బావులు త్రవ్వించి, చెట్లు నాటించిన సంగతిని వానిలో నొకటి తెలుపుచున్నది. తరువాతి కాలమున రాజులును, దాతలును సత్రములు కట్టించిరి. గ్రామస్థులు ఎండకాలమున చలివేంద్రములు నెలకొల్పుచు వచ్చిరి.

అయితే సత్రము కట్టించినంత మాత్రమున సరిపోదు. దానిని అందరును సుఖముగా వాడుకొనుటకు కొన్ని కట్టుబాట్లు కావలెను. 1867లో బ్రిటిషు ప్రభుత్వము చేసిన సరాయి చట్టము, బసగృహమును, నీటి వనరులను శుభ్రముగా ఉంచవలెననియు, తగినంతమంది కావలివారిని నియమింపవలెననియు, రుసుముల పట్టికను అందరికి కనబడునట్లు వ్రేలాడదీయవలెననియు యజమానులను శాసించెను. ఎడ్లబండ్ల స్థానమున లారీలు, బస్సులు, కార్లు వచ్చినవి. బాటసారి అలసట మాత్రము పోలేదు. కావున నేటి రహదారి విశ్రాంతి స్థలములకును నియమములున్నవి. వానిని ఎరిగి ఊరివారికి ఎరిగించుట రహదారి ప్రక్కనున్న ప్రతి గ్రామపంచాయతీకి అవసరము.

ఈ స్థలములు ఎందుకు?

గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు వాహనము ఒక్క సెకనులో 22 మీటర్లు సాగును. ఎదుట ఆగియున్న లారీని డ్రైవరు చూచి, బ్రేకు నొక్కి, బండిని నిలుపునప్పటికి ఏబది మీటర్లకు పైగా పట్టును. వెనుక దీపములు లేక చీకటిలో నిలిచిన లారీ అంత దూరమునకు కనబడకపోవచ్చును. కనబడు సమయమునకు వ్యవధి మించిపోవును.

2022వ సంవత్సరమున మన దేశములో 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించిరి. వీరిలో 61,038 మంది జాతీయ రహదారులపై ప్రాణములు కోల్పోయినవారే. 2025 నవంబరు 2వ తేదీన రాజస్థాన్‌లోని ఫలోదీ వద్ద భక్తులు ప్రయాణించుచున్న వాహనమొకటి నిలిపియున్న ట్రెయిలరును ఢీకొనగా పదిమందికి పైగా మరణించిరి. దరిమిలా సుప్రీంకోర్టు ఈ విషయమును తనంతట తాను విచారణకు చేపట్టి, జాతీయ రహదారుల వెంబడి వెలసిన ధాబాలను గూర్చి వివరములు కోరినది.

డ్రైవరు రోడ్డుమీద బండి ఆపుటకు కారణము తరచుగా ఆకలియో, నిద్రయో, కాలకృత్యమో అయియుండును. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము, అర్ధగంట విరామమైనను లేకుండ డ్రైవరుచేత ఐదు గంటలకు మించి పని చేయింపరాదని విధించెను. విరామము ఈయవలెనన్నచో విశ్రమించుటకు చోటుండవలెను గదా! ఆ చోటు లేనప్పుడు లారీ రోడ్డుపైననే ఆగును. చోటుండియు దానిని ధాన్యపు కుప్పలో, దుకాణములో ఆక్రమించినచో అప్పుడును లారీ రోడ్డుపైననే ఆగును. అట్టి లారీ వెనుక పొలమునుండి ఇంటికి వచ్చు మన ఊరి మోటారుసైకిలు కూడ ఉండవచ్చునని గ్రామస్థులు మరువరాదు.

విశ్రాంతి స్థలములు ఎన్ని విధములు?

మొదటిది, రోడ్డు అంచున అదనపు వెడల్పుతో లారీలు నిలుపుటకు ఏర్పరచిన చోటు. దీనిని ఇంజనీరులు లే-బై అందురు. రెండవది, టోల్‌గేటుల వద్ద జాతీయ రహదారుల సంస్థ నిర్వహించు మరుగుదొడ్లు. మూడవది, పెట్రోలు బంకులు, హోటళ్లు మున్నగునవి. రహదారిపైకి దారి పొందిన పెట్రోలు బంకు బాటసారులకు త్రాగునీరును, మరుగుదొడ్డిని అందుబాటున ఉంచవలెను. నాలుగవది, భోజనశాల, వాహనములు నిలుపు స్థలము, డ్రైవర్ల నిద్రశాల మొదలగునవి ఒకేచోట గల పెద్ద ప్రాంగణము. ఇరువదిరెండు రాష్ట్రములలో 30 మొదలు 50 కిలోమీటర్లకొకటి చొప్పున ఇట్టివి ఆరువందలకు పైగా నిర్మింపదలచినట్లు జాతీయ రహదారుల సంస్థ 2021లో ప్రకటించినది. రహదారుల వెంబడి శుభ్రమైన మరుగుదొడ్లు, పసిబిడ్డల సంరక్షణ గదులు, చక్రముల కుర్చీలు, విద్యుత్తు వాహనములకు చార్జింగు మున్నగు వసతులను పెంపొందించుటకై 2024 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము హమ్‌సఫర్ విధానమును ప్రవేశపెట్టినది.

ఈ భూమి ఎవరిది?

ఊరి పొలిమేరలో ఉన్నంత మాత్రమున ఈ స్థలము ఊరి ఉమ్మడి భూమి కాజాలదు. 1956 నాటి జాతీయ రహదారుల చట్టము ప్రకారము జాతీయ రహదారియు, దానికి చెందిన భూములు, వంతెనలు, కంచెలు, చెట్లు మొదలగునవియు కేంద్ర ప్రభుత్వమునకు చెందును. ఆంధ్రప్రదేశ్‌లో అమలులోనున్న 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము కూడ గ్రామములోని రోడ్లను పంచాయతీకి అప్పగించుచు జాతీయ, రాష్ట్ర రహదారులను మినహాయించినది. 2002లో చేయబడిన మరియొక చట్టము అనుమతి లేక రహదారి భూమిని ఆక్రమించుటను నిషేధించి, ఆక్రమణలను తొలగించు అధికారమును రహదారి అధికారులకు ఇచ్చినది.

కావున లే-బైలో దుకాణములకు చోటు వేలము వేయుటకు గాని, అచ్చట నిలిచిన లారీలనుండి ఆశీలు వసూలు చేయుటకు గాని పంచాయతీకి హక్కు లేదు. కొద్ది రాబడికి ఆశపడి ఇట్టి తీర్మానము చేసినచో అది చెల్లదు.

అందరును పాటింపవలసిన నియమములు

ఒకటి: ఈ స్థలములు అందరివి. ప్రభుత్వ ద్రవ్యముతో నిర్వహింపబడు రోడ్లు, బావులు, ప్రజలు కూడు ప్రదేశములు, అట్లే దుకాణములు, హోటళ్ల విషయమున కులము, మతము, స్త్రీ పురుష భేదము మున్నగు వానినిబట్టి ఎవరిని అడ్డగింపరాదని రాజ్యాంగము 15వ అధికరణమున స్పష్టపరచినది. అంటరానితనము పాటించి నీటి కుళాయి వద్దగాని, భోజనశాల వద్దగాని ఎవరినైన నిరోధించినవారికి 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టము క్రింద నెలనుండి ఆరు నెలల వరకు జైలుశిక్షయు, జరిమానాయు విధింపవచ్చును.

రెండు: వాహనమును తెల్లగీత దాటించి, పూర్తిగా రోడ్డు వెలుపల నిలుపవలెను. ఇతరులకు అపాయము గాని, ఆటంకము గాని కలుగునట్లు వాహనమును బహిరంగ స్థలమున నిలుపుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 122వ సెక్షను నిషేధించుచున్నది. పది గంటలు, అంతకు మించి దిక్కులేక వదలివేసిన వాహనమును పోలీసువారు తొలగింపవచ్చును. బండి చెడిపోయి కదలనిచో హెచ్చరిక దీపములు వెలిగించి, వెనుక తగిన దూరమున త్రికోణపు గురుతును ఉంచవలెను. దానికి బదులుగా పేర్చిన రాళ్లను బండి కదిలిన పిమ్మట అక్కడనే వదలి పోరాదు.

మూడు: విశ్రాంతి స్థలము విశ్రాంతికే. అచ్చట ధాన్యము, మొక్కజొన్న, మిరప ఆరబోయుట, గడ్డివాములు వేయుట, పశువులను కట్టుట, ఇసుక, కంకర నిలువ చేయుట కూడదు. రాత్రివేళ కుప్పలపై నల్లని పట్టా కప్పి చుట్టును రాళ్లు పేర్చుట మరింత ప్రమాదకరము. ద్విచక్ర వాహనములవారు ఆ రాళ్లను చూడజాలక పడిపోవుదురు.

నాలుగు: లారీలు నిలుచు చోట పొయ్యి రాజేయరాదు. పెట్రోలు, గ్యాసు ట్యాంకర్ల చెంత ఇది ప్రాణాంతకము. ఇంజనునుండి దింపిన చెడు నూనెను నేలపై పారబోయరాదు. అది వాననీటితో కలసి చెరువును, బావిని చేరును. చెత్తను తొట్టిలోనే వేయవలెను. మరుగుదొడ్డి ఉన్నచోట చెట్టుచాటునకు పోవుట తగదు.

ఐదు: రహదారి వెంబడి మద్యము అమ్మకమును గూర్చి సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న తీర్పు చెప్పుచు, జాతీయ, రాష్ట్ర రహదారుల అంచునుండి 500 మీటర్ల లోపల దుకాణములుండరాదనెను. 2017 మార్చిలో, ఇరువదివేలకు మించని జనాభా గల స్థానిక సంస్థల పరిధిలో ఆ దూరమును 220 మీటర్లుగా సవరించెను. పట్టణ లక్షణములు గల పంచాయతీల విషయమున నిర్ణయమును 2018లో రాష్ట్ర ప్రభుత్వములకు విడిచినది. లైసెన్సు లేని రహస్య విక్రయములు మాత్రము ఎంత దూరముననైనను నేరమే.

ఆరు: దగ్గరి దారి కొరకు రోడ్డు నడుమనున్న డివైడరును పగులగొట్టుట, కంచెను కోయుట కూడదు. జాతీయ రహదారిని చెరచినవారికి 1956 చట్టము 8బి సెక్షను క్రింద ఐదేండ్ల వరకు జైలుశిక్షయో, జరిమానాయో, రెండునో విధింపవచ్చును. ఊరికి దారి నిజముగా అవసరమైనచో వ్రాతమూలకముగా కోరవలెను.

పంచాయతీలు చేయదగిన పనులు

రహదారి భూమిపై పంచాయతీకి అధికారము లేకపోయినను, దాని ప్రక్కనున్న పట్టా భూములపై బాధ్యత కలదు. అచ్చట హోటలు, ధాబా పెట్టదలచినవారు కట్టడమునకు అనుమతియో, వ్యాపారమునకు లైసెన్సో కోరి పంచాయతీకి వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు వేయవలెను. రహదారినుండి దారి పెట్టుకొనుటకు అధికారుల అనుమతి ఉన్నదా? లారీలు నిలుచుటకు వారి స్వంత స్థలములో చోటున్నదా? స్త్రీలకును, పురుషులకును వేరువేరు మరుగుదొడ్లున్నవా? మురుగు నీరు ఎచ్చటికి పోవును? ఈ నాలుగింటికి సరియైన సమాధానము లేనిచో అనుమతికి తొందరపడరాదు. లారీలకు చోటులేని ధాబా రోడ్డునే తన వాకిలిగా చేసికొనును.

రైతు రోడ్డుపై ధాన్యము ఆరబోయుట అలవాటు చేతనే కాదు, వేరు చోటు లేకపోవుట చేత కూడ. ఊరిలో ఉమ్మడి కళ్లము ఏర్పరచక కేవలము నిషేధింపబూనుట వలన ప్రయోజనముండదు. కావున కోతలకు ముందే గ్రామసభలో చర్చించి, అందుబాటులోనున్న ప్రభుత్వ పథకముల సహాయముతో ఆరబెట్టు గచ్చులు కట్టించుట మేలు. పాఠశాల మైదానము వంటి స్థలములను సెలవుదినములలో వాడుకొనుట కూడ ఆలోచింపదగినది.

మహిళా సంఘములవారు పచ్చళ్లు, పండ్లు, చేనేత వస్త్రములు అమ్మదలచినచో రోడ్డు అంచున బల్లలు వేయక, పెద్ద ప్రాంగణములలో స్థానిక వస్తువుల విక్రయమునకు చోటు కోరుచు నిర్వాహకులకు దరఖాస్తు చేయవచ్చును. దానికి పంచాయతీ సిఫారసు వారికి అండగా నుండును.

విశ్రాంతి స్థలములో దీపములు వెలుగకున్నను, నీరు రాకున్నను, మరుగుదొడ్డికి తాళము వేసియున్నను 1033 నంబరునకు ఫోను చేయవలెను. జాతీయ రహదారుల సంస్థ ఈ సేవను రాత్రింబగళ్లు నడుపుచున్నది. ప్రమాదములలో కూడ ఇదే నంబరునకు గాని, 108కి గాని తెలుపవలెను. సదుద్దేశముతో క్షతగాత్రునికి సహాయము చేసినవారికి 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము రక్షణ కల్పించుచున్నది. కావున కేసులకు వెరచి దూరముగా నిలువవలసిన పని లేదు. పలుమార్లు ఫిర్యాదు చేసినను పని జరుగనిచో, పంచాయతీ తీర్మానముతో సంస్థ ప్రాజెక్టు డైరెక్టరుకును, జిల్లా కలెక్టరుకును వ్రాయవలెను. ఫిర్యాదు తేదీలను, నంబర్లను ఒక పుస్తకమున వ్రాసియుంచుట మంచిది.

ఈ నియమములను పెద్ద అక్షరములతో తెలుగున వ్రాయించి పంచాయతీ కార్యాలయము వద్దను, బస్సు ఆగు చోటను ఉంచినచో అందరికి తెలియును. లారీలు తొలగి నిలుచుటకు చోటును ఖాళీగా ఉంచుట, ఖాళీగా ఉన్నచోటనే వానిని నిలుపుమని కోరుట, ఈ రెండును కలిసినప్పుడే రోడ్డు నిర్భయమగును. మొదటిది గ్రామస్థుల వంతు, రెండవది డ్రైవర్ల వంతు. మన వంతును మనము ముందుగా నెరవేర్చినచో వారిని అడుగు అధికారము మనకు కలుగును. వచ్చు గ్రామసభలోనే ఈ విషయమును చర్చకు పెట్టుట రహదారి ప్రక్కనున్న ప్రతి పంచాయతీకి ఉచితము.