ధ్వని ఏ దిక్కు నుండి?

కళ్ళు మూసుకొని కూర్చుని, గదిలో ఏదో ఒక మూల నిలబడి తాళంచెవుల గుత్తి ఆడించమని ఇంట్లోని పిల్లలతో చెబుదాం. మన వేలు తడబడకుండా ఆ మూలనే చూపుతుంది. పిదప ఒక చెవిని గట్టిగా మూసుకొని మళ్ళీ ప్రయత్నిస్తే వేలు తరచుగా దారి తప్పుతుంది. శబ్దం వినడానికి ఒక చెవి చాలు. అది ఎక్కడిదో తెలియడానికి రెండు చెవులూ కావాలి.

ఎడమ వైపు శబ్దం ఎడమ చెవిని ముందుగాను, కుడి చెవిని కొద్ది ఆలస్యంగాను చేరుతుంది. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక ఈ ఆలస్యం ఎంత హెచ్చయినా సుమారు 0.7 మిల్లీసెకను మాత్రమే. కీచు ధ్వనులకైతే తల అడ్డుపడి, అవతలి చెవిలో తీవ్రత తగ్గుతుంది. ఈ రెండు ఆధారాలను భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లో వివరించారు. ముందు, వెనుక, పైన అనే తేడాలను తెలుసుకోవడానికి చెవి డొప్పల మడతలు తోడ్పడతాయి.

కళ్ళకు తెర, చెవులకు హెడ్‌ఫోన్లు అమర్చి కల్పిత ప్రపంచాన్ని చూపే వర్చువల్ రియాలిటీలో ఈ పనులన్నిటినీ కంప్యూటరే లెక్కకట్టవలసి ఉన్నది. అందుకు కొలతలు అవసరం. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో బిల్ గార్డ్‌నర్, కీత్ మార్టిన్ అనే పరిశోధకులు ఒక బొమ్మ మనిషి చెవులలో మైక్రోఫోన్లు అమర్చి, చుట్టూ 710 స్థానాల నుండి వచ్చే ధ్వనిని కొలిచి, 1994లో ఆ ఫలితాలను అందరికీ అందుబాటులో ఉంచారు.

అయితే ఒకరి చెవి డొప్ప మరొకరి దానివలె ఉండదు. ఇతరుల చెవుల కొలతలతో వింటే ముందున్న శబ్దం వెనుక ఉన్నట్లు తోచవచ్చు. ఇందుకు తల కదలికే మంచి విరుగుడు. మనం తల తిప్పినప్పుడు శబ్దం తలతో పాటు తిరగక, తన చోటనే నిలిచి ఉండాలి. పరికరం ఆ కదలికను గుర్తించి, వెనువెంటనే ధ్వనిని సరిచేయాలి. జాగు జరిగితే భ్రమ చెదిరిపోతుంది.

ఇది వినోదానికి మాత్రమే చెందిన విషయం కాదు. ఇటువంటి పరికరంతో భద్రతా శిక్షణ పొందే కార్మికునికి వెనుక నుండి వచ్చే ఫోర్క్‌లిఫ్ట్ హారన్ ముందు నుండి వినిపిస్తే, అతడు తప్పు వైపు తప్పుకోవడం నేర్చుకుంటాడు. నిజమైన యార్డులో ఆ అలవాటు ప్రాణాంతకం కావచ్చు.

ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకొని పనిస్థలంలో నడిచేవారికి కూడా ఇదే ముప్పు ఉన్నది. హారన్ వినిపిస్తుంది, దిక్కు మాత్రం తెలియదు. కనుక రెండు చెవులనూ తెరిచి నడుద్దాం; రొద మితిమీరిన చోట రెండింటికీ రక్షణ కల్పిద్దాం.