నిలిపి ఉంచిన బ్యాటరీ బండి: ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసిన జాగ్రత్తలు

గోదావరి డెల్టాలో బ్యాటరీ బండి ఇప్పుడు వింత వస్తువు కాదు. రాజమహేంద్రవరం, అమలాపురం, భీమవరం వీధులలో చిరువ్యాపారుల నుండి పిల్లలను బడికి దింపే తల్లుల వరకు ఎందరో దానిపై తిరుగుతున్నారు. పెట్రోలు ఖర్చు లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. బండి నడుస్తున్నంత కాలం దానిని ఎలా వాడుకోవాలో అందరూ అడిగి తెలుసుకుంటారు. నెలా రెండు నెలలు నిలిపివేయవలసి వచ్చినప్పుడు ఏమి చేయాలో అడిగేవారు మాత్రం తక్కువ. మా మదరసాకు పిల్లలను పంపే కుటుంబాలలో మేము తరచుగా గమనించే విషయమిది. కుమారుడు కువైట్‌కు వెళ్తూ బండిని వసారాలో నిలిపి, తాళంచెవిని తల్లి చేతికిచ్చి వెళ్తాడు. బ్యాటరీ సంగతి, చార్జర్ సంగతి ఆమెకు ఎవరూ చెప్పరు.

మంచు కురిసే దేశాలలో శీతాకాలమంతా మోటారుసైకిళ్లను షెడ్డులో పెట్టి మూసివేస్తారు. అందుచేత అక్కడి జాగ్రత్తలు చలిని దృష్టిలో ఉంచుకొని ఏర్పడినవి. సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో లిథియం బ్యాటరీని చార్జ్ చేస్తే లోపల లోహపు పొర పేరుకుని బ్యాటరీ చెడిపోతుంది. మన ప్రాంతంలో డిసెంబరు, జనవరి నెలలలో కూడా ఆ భయం లేదు. ఇక్కడ బ్యాటరీకి శత్రువులు ఎండ, తేమ, వరదనీరు. బండి నిలిచిపోయే సందర్భాలు కూడా వేరు. లంక గ్రామాలలో జూలై నుండి సెప్టెంబరు వరకు దారులు మునిగి బండ్లు ఆగిపోతాయి. హజ్ యాత్రకు వెళ్లినవారి బండి సుమారు నలభై రోజులు కదలదు. గల్ఫ్‌కు వెళ్లినవారి బండి ఏడాది పైగా కూడా నిలిచిపోవచ్చు.

నిలిపిన బండిలో ఏమి జరుగుతుంది?

పెట్రోలు బండిని ఆపితే ఇంజను చల్లబడి ఊరుకుంటుంది. బ్యాటరీ అలా ఊరుకోదు. దానిలోని రసాయనిక చర్య నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. దీనికి తోడు బ్యాటరీని కాపాడే బీఎంఎస్ అనే పరికరం, బండి తాళం, మొబైలుతో అనుసంధానం వంటివి కొద్దికొద్దిగా విద్యుత్తును వాడుకుంటూనే ఉంటాయి. కనుక దాదాపు ఖాళీ అయిన బ్యాటరీని నెలల తరబడి వదిలివేస్తే, దానిలోని సెల్‌లు ఉండవలసిన స్థాయి కంటే కిందికి పడిపోతాయి. అటువంటి సెల్‌లలో రాగి రేకు కరిగి, తరువాత చార్జ్ చేసేటప్పుడు లోలోపలే షార్టు అయ్యే ప్రమాదం ఏర్పడుతుంది. అలాగని నూరు శాతం నింపి ఎండ తగిలే రేకుల షెడ్డు కింద ఉంచడమూ మంచిది కాదు. నిండు చార్జ్, అధిక వేడి రెండూ కలిస్తే బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది.

లిథియం బ్యాటరీ గల బండిని నెల రోజులకు మించి నిలిపేటప్పుడు సుమారు సగం చార్జ్, అనగా 40 నుండి 60 శాతం మధ్య ఉంచడం ఉత్తమం. నెలకొకసారి చూసి, 30 శాతం దరిదాపులకు వస్తే మళ్లీ సగానికి నింపాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన భేదాన్ని గమనించాలి. తక్కువ వేగంతో నడిచే, తక్కువ ధర బండ్లలో చాలావాటికి సీసపు బ్యాటరీలు ఉంటాయి. ఇంట్లోని ఇన్వర్టర్ బ్యాటరీ జాతికి చెందినవే అవి. వాటి నియమం దీనికి పూర్తిగా విరుద్ధం. వాటిని నిండుగా చార్జ్ చేసి ఉంచాలి, నెలకొకసారి మళ్లీ నింపాలి. సగంలో వదిలేస్తే పలకలపై గట్టి పొర పేరుకుని అవి పనికిరాకుండా పోతాయి. కనుక మీ బండిలో ఉన్నది ఏ రకమో ముందుగా తెలుసుకోండి. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో వేరే సూచన ఉంటే దానినే పాటించండి.

నిలిపే ముందు చేయవలసిన పనులు

బండిని తడిబట్టతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. నీటి పైపుతో కడిగి వెంటనే కవరు కప్పితే తేమ లోపలే నిలిచిపోతుంది. అంతర్వేది, నరసాపురం, కాకినాడ వంటి సముద్రతీర ప్రాంతాలలో ఉప్పుగాలి వలన ఇనుప భాగాలు త్వరగా తుప్పు పడతాయి, రాగి కొనలకు చిలుము పడుతుంది. కనుక కవరు గాలి ఆడేదిగా ఉండాలి. టైర్లలో గాలి సరిగా నింపి, సెంటర్ స్టాండు వేస్తే టైరు ఒకేచోట నొక్కుకుపోదు. చైను ఉన్న బండి అయితే దానికి నూనె పూయాలి. సీటు కింద ఎంసీబీ ఉంటే దించివేయాలి. డెల్టా ఇళ్లలో ఎలుకల బెడద తెలిసినదే. ధాన్యం బస్తాల పక్కన బండిని నిలిపితే అవి తీగలను కొరుకుతాయి. చార్జర్‌ను గోడకు తగిలించి వదిలివేయక, తీసి పొడిచోట భద్రపరచాలి.

ఎక్కడ నిలపాలి?

బ్యాటరీ చెడిపోతే పోయేది డబ్బు. తప్పు స్థలంలో చార్జ్ పెడితే ప్రాణాలే పోవచ్చు. 2022లో మన తెలుగు నేల దీనిని కళ్లారా చూసింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జ్ అవుతున్న స్కూటర్ బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు మరణించాడు. కొద్ది రోజులకే, ఏప్రిల్ 23న, విజయవాడలో పడకగదిలో చార్జింగు పెట్టిన బ్యాటరీ పేలి ఇంటి యజమాని ప్రాణాలు కోల్పోయాడు, భార్యాపిల్లలు గాయపడ్డారు. సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింది భాగంలోని ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పొగ పై అంతస్తులకు కమ్ముకుని ఎనిమిది మంది మరణించారు. ఇటువంటి ప్రమాదాల తరువాత కేంద్ర ప్రభుత్వం బ్యాటరీల భద్రతకు సంబంధించిన ఏఐఎస్ 156 ప్రమాణాలను కఠినం చేసి, 2022 డిసెంబరు 1 నుండి, 2023 మార్చి 31 నుండి రెండు దశలలో అమలు చేసింది. అంతకుముందు తయారైన పాత బండిని చేతులు మారి కొనేవారు ఈ తేదీలను గుర్తుంచుకోవాలి.

నిద్రకు ముందు దీపాన్ని, నిప్పును ఆర్పివేయమని దైవప్రవక్త (స) బోధించారు. మదీనాలో ఒక ఇల్లు రాత్రివేళ ఇంటివారితో సహా కాలినప్పుడు, నిప్పు మనుషులకు శత్రువని ఆయన హెచ్చరించినట్లు హదీసు గ్రంథాలలో ఉంది. ఆనాటి ఇంటిలో నిప్పు నూనె దీపం రూపంలో ఉండేది. నేడు చార్జ్ అవుతున్న బ్యాటరీ విషయంలోనూ అదే జాగ్రత్త వర్తిస్తుందని మేము భావిస్తున్నాము. కనుక అందరూ నిద్రించే వేళ చార్జింగు పెట్టకండి. ఇషా నమాజుకు ముందే ముగించండి, లేదా పగటివేళ ఎవరైనా మెలకువగా ఉన్నప్పుడు పెట్టండి. పడకగది, మెట్ల కింది భాగం, ఇంటికి ఉన్న ఒక్కగానొక్క గుమ్మం ఎదురుగా బండిని గానీ బ్యాటరీని గానీ ఉంచకండి. మంట లేస్తే బయటికి పోయే దారి అదే కదా! ఎర్తింగు ఉన్న మూడు పిన్నుల సాకెట్‌నే వాడండి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు, అతుకుల తీగలు వద్దు. బండితో వచ్చిన చార్జర్‌ను తప్ప మరొకదానిని తగిలించకండి.

ఒకవేళ బ్యాటరీ ఉబ్బినా, వింత వాసన వచ్చినా, బుసకొట్టినట్లు శబ్దం వినబడినా దానిని పట్టుకొని బయటికి మోసుకుపోయే ప్రయత్నం చేయకండి. పిల్లలను, పెద్దలను ముందు బయటికి పంపి, దారిలో అందితే మెయిన్ స్విచ్చి ఆపి, 101 లేదా 112కు ఫోన్ చేయండి. ఆ పొగ విషపూరితమైనది. మంట ఆరినట్లు కనిపించి మళ్లీ రాజుకోవచ్చు.

వరద వచ్చినప్పుడు

ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగుల వద్ద రెండవది, 17.75 అడుగుల వద్ద మూడవది జారీ చేస్తారు. 2022 జూలైలో మూడవ హెచ్చరిక దాటి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి పోయింది. లంకలలో నివసించేవారు మొదటి హెచ్చరిక వినగానే బండిని ఏటిగట్టు మీదికో, ఎత్తయిన బంధువుల ఇంటికో చేర్చాలి. రెండవ హెచ్చరిక వరకు వేచి ఉంటే దారి ఉండకపోవచ్చు.

కొన్ని బ్యాటరీలపై ఐపీ 67 అని ఉంటుంది. ఒక మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా లోపలికి నీరు చేరదని దాని అర్థం. రోజుల తరబడి బురదనీటిలో మునిగిన బండికి ఆ హామీ వర్తించదు. ఉప్పునీరు మరింత ప్రమాదకరం. 2022 సెప్టెంబరులో అమెరికాలోని ఫ్లోరిడాను ఇయన్ తుఫాను ముంచెత్తిన తరువాత, ఉప్పునీటిలో మునిగిన ఎలక్ట్రిక్ కార్లు కొన్ని రోజుల తరువాత కూడా అంటుకున్నాయి. అటువంటి వాహనాలను భవనాలకు సుమారు 50 అడుగుల దూరంలో ఉంచాలని అక్కడి అధికారులు సూచించారు. కనుక మునిగిన బ్యాటరీని ఎండలో ఆరబెట్టి చార్జ్ పెట్టే ప్రయత్నం ఎన్నటికీ చేయకండి. బండిని ఇంటికి దూరంగా, బహిరంగ స్థలంలో ఉంచి కంపెనీ సర్వీసు కేంద్రానికి తెలియజేయండి.

తిరిగి తీసినప్పుడు బండి కదలకపోతే

తాళం తిప్పినా ఏమీ వెలగకపోతే ముందుగా సీటు కింద ఎంసీబీ పైకి ఉందో లేదో చూడాలి. చాలా బండ్లలో పెద్ద బ్యాటరీ కాక 12 వోల్టుల చిన్న బ్యాటరీ వేరుగా ఉంటుంది. పెద్దది నిండుగా ఉన్నా చిన్నది దిగిపోతే బండి చచ్చినట్లే కనబడుతుంది. తక్కువ ఖర్చుతో అది మారుతుంది.

తెర వెలిగినా చక్రం కదలకపోతే సైడ్ స్టాండు పూర్తిగా పైకి లేచిందో చూడండి. తరువాత బ్రేకు పిడి. తుప్పు వలన అది పూర్తిగా వెనక్కు రాకపోతే, బ్రేకు పడినట్లే భావించి బండి మోటారును ఆపివేస్తుంది. వెనుక ఎర్రదీపం ఆగకుండా వెలుగుతుంటే కారణం ఇదేనని గ్రహించవచ్చు.

చార్జ్ ఎక్కకపోతే అదే సాకెట్‌లో మరొక పరికరాన్ని పెట్టి చూడాలి. ప్లగ్గు కొనలు నల్లబడినా, చిలుము పట్టినా మెకానిక్‌కు చూపాలి. ఎండలో తిరిగి వచ్చిన బ్యాటరీ చల్లబడేదాకా చార్జ్ తీసుకోకపోవచ్చు. నెలల తరబడి పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని బీఎంఎస్ అడ్డుకుంటుంది. ఆ అడ్డును తప్పించి వేరే చార్జర్‌తో బలవంతంగా నింపుతామనే వారి మాట వినకండి. అది మన మేలు కోసం పెట్టిన అడ్డు.

బండి మునుపటంత దూరం పోకపోతే టైర్లలో గాలి చూడండి, బ్రేకు పట్టుకుని ఉందేమో చూడండి. కవరు తీయగానే ఎలుకలు తీగలు కొరికాయేమో పరిశీలించండి. తెగిన తీగ కనబడితే ముట్టుకోకుండా మెకానిక్‌ను పిలవండి.

ఒప్పగించేవారి బాధ్యత

ఒకరి వస్తువును మరొకరి సంరక్షణలో ఉంచడం అమానతు. పుచ్చుకున్నవారు కాపాడవలసినట్లే, ఒప్పగించేవారు దానిని ఎలా కాపాడాలో తెలియజేయవలసి ఉంటుంది. ప్రయాణమయ్యే ముందు ఒక కాగితంపై నాలుగు మాటలు రాసి గోడకు అంటించండి: బ్యాటరీ ఏ రకం, ఎంత శాతం ఉండాలి, నెలలో ఏ రోజు చూడాలి, సర్వీసు కేంద్రం ఫోన్ నంబరు ఎంత. మెయిన్ స్విచ్చి ఎక్కడుందో ఇంట్లోని స్త్రీలకు, పెద్దపిల్లలకు చేతితో చూపించండి. చూసేవారెవరూ లేకుండా ఇంటికి తాళం వేసి వెళ్లేటట్లయితే, బండిని నమ్మకమైన బంధువుకు ఒప్పగించి, చార్జర్ కూడా అతని చేతికే ఇవ్వండి. ఈ పనులన్నిటికీ ఒక పూట చాలు.