సర్వర్‌కూ ఫ్రేమ్‌వర్క్‌కూ మధ్య ఒప్పందం

బ్రౌజర్ల నుంచి ఒకేసారి వచ్చిపడే అభ్యర్థనలను అందుకోవడం, జవాబులు తిరిగి పంపడం వెబ్ సర్వర్ పని. అభ్యర్థనలో ఏముందో చూసి, డేటాబేస్‌ను అడిగి, పేజీ తయారుచేయడం ఫ్రేమ్‌వర్క్ పని. ఇక్కడి ఫ్రేమ్‌వర్క్‌లు పైథాన్‌లో రాసినవి. అపాచీ సర్వర్‌ను సీ భాషలో రాశారు, దానికదిగా పైథాన్ రాదు. సర్వర్‌నూ ఫ్రేమ్‌వర్క్‌నూ కలిపేదే ప్లగిన్.

మొదట్లో వాడిన సీజీఐ పద్ధతిలో ప్రతి అభ్యర్థనకూ పైథాన్ కొత్తగా మొదలై, లైబ్రరీలన్నీ లోడ్ చేసుకుని, పని కాగానే ఆగిపోయేది. సైట్‌కు వచ్చేవాళ్లు పెరిగితే సర్వర్ నీరసించేది. మాడ్‌_పైథాన్ వచ్చి పైథాన్‌ను అపాచీ లోపలే నిలబెట్టింది. వేగం పెరిగింది కానీ, దానికోసం రాసిన కోడ్ అపాచీకే కట్టుబడిపోయింది. జోప్, క్విక్సోట్, వెబ్‌వేర్, ట్విస్టెడ్ వెబ్ వంటి ఫ్రేమ్‌వర్క్‌లది దేని దారి దానిదే. నాలుగు ఫ్రేమ్‌వర్క్‌లు అయిదు సర్వర్లతో కలవాలంటే ఇరవై ప్లగిన్లు రాయాలి. అందరూ ఒకే పద్ధతికి ఒప్పుకుంటే తొమ్మిదే చాలు.

ఆ పద్ధతిని ఫిలిప్ జె. ఈబీ 2003 డిసెంబరులో పెప్-333 అనే పైథాన్ ప్రతిపాదన పత్రంగా ముందుకు తెచ్చారు. పేరు డబ్ల్యూఎస్‌జీఐ. జావాలో సర్వ్‌లెట్ల వల్ల కుదిరిన సౌలభ్యం పైథాన్‌కూ రావాలన్నది ఆశయం. దాన్ని పాటించడం తేలికైతే తప్ప ఎవరూ ముందుకు రారని ఆయన గ్రహించారు. అందుకే ఒప్పందాన్ని చాలా చిన్నదిగా ఉంచారు. అది నిలిచింది కూడా ఈ పొదుపు వల్లనే.

ఫ్రేమ్‌వర్క్ ఒక ఫంక్షన్‌ను ఇస్తుంది. ప్లగిన్ దాన్ని పిలుస్తూ రెండు అందిస్తుంది: అభ్యర్థన వివరాలున్న ఎన్విరాన్ అనే డిక్షనరీ, స్టార్ట్‌_రెస్పాన్స్ అనే మరో ఫంక్షన్. ఫ్రేమ్‌వర్క్ జవాబు స్థితినీ హెడర్లనూ స్టార్ట్‌_రెస్పాన్స్‌కు చెప్పి, పేజీని బైట్ల ముక్కలుగా తిరిగిస్తుంది. అంతే.

ప్లగిన్ రాసేవారి నేర్పు ఆ తర్వాత తెలుస్తుంది. స్టార్ట్‌_రెస్పాన్స్ పిలవగానే హెడర్లను పంపేయకూడదు, ఖాళీ కాని తొలి ముక్క వచ్చేదాకా ఆపాలి. ఈలోగా పొరపాటు జరిగితే, '200 ఓకే' బదులు '500' పంపే అవకాశం దక్కేది ఈ ఆలస్యం వల్లే. ముక్కలు మొదలయ్యాక మాత్రం దేన్నీ దాచిపెట్టకుండా ఎప్పటికప్పుడు పంపాలి. ఫ్రేమ్‌వర్క్ తిరిగిచ్చినదానికి క్లోజ్ అనే పద్ధతి ఉంటే, చివర్లో దాన్ని తప్పక పిలవాలి. పని మధ్యలో చెడినా ఇది తప్పదు, లేకుంటే తెరిచిన ఫైళ్లు అలాగే ఉండిపోతాయి. థ్రెడ్లు వాడుతున్నదీ లేనిదీ ఎన్విరాన్‌లో ముందే చెప్పాలి.

2010లో పైథాన్ 3 కోసం పెప్-3333 వచ్చింది. అక్షరాలకూ బైట్లకూ తేడా తెచ్చిన చిక్కును అది తీర్చింది. తెలుగు వెబ్ చిరునామాలు రాసేవారికి ఇది నేరుగా తగిలే సంగతి. యూటీఎఫ్-8లో 'తెలుగు' అన్న మాట 18 బైట్లు. ప్లగిన్ వాటిని లాటిన్-1గా భావించి, అర్థం లేని 18 అక్షరాలుగా ఎన్విరాన్‌లో పెడుతుంది. వాటిని మళ్లీ బైట్లుగా మార్చి, యూటీఎఫ్-8గా చదువుకునే బాధ్యత ఫ్రేమ్‌వర్క్‌ది. వికారంగా కనిపించినా ఒక్క బైటూ పోదు.

గ్రాహం డంపుల్టన్ రాసిన మాడ్‌_డబ్ల్యూఎస్‌జీఐ ఈ ఒప్పందాన్ని అపాచీకి తెచ్చింది. అందులోని డీమన్ పద్ధతిలో పైథాన్ కోడ్ వేరే ప్రాసెస్‌లో నడుస్తుంది కనుక, కోడ్ మార్చినప్పుడు అపాచీని మొత్తంగా ఆపి మొదలుపెట్టనక్కర్లేదు. జాంగో, ఫ్లాస్క్ ఫ్రేమ్‌వర్క్‌లు రెండూ గునికార్న్ సర్వర్ మీదా నడుస్తాయి, యూడబ్ల్యూఎస్‌జీఐ మీదా నడుస్తాయి.

ఒక పిలుపుకు ఒక జవాబు అన్న లెక్క మాత్రం వెబ్‌సాకెట్లకు సరిపోదు. అక్కడ కనెక్షన్ తెరిచే ఉంటుంది, మాటలు రెండువైపులా సాగుతాయి. జాంగో ఛానెల్స్ పనిలో ఆండ్రూ గాడ్విన్ రూపొందించిన ఏఎస్‌జీఐ అందుకోసమే. అందులో ఫ్రేమ్‌వర్క్‌కు స్కోప్, రిసీవ్, సెండ్ అనే మూడు అందుతాయి, సందేశాలు ఎన్నిసార్లయినా అటూ ఇటూ నడుస్తాయి. 2019 డిసెంబరులో వచ్చిన జాంగో 3.0 దీన్ని చేర్చుకుంది. పాత ఒప్పందాన్నీ వదల్లేదు, ఒకే ప్రాజెక్టును ఇప్పుడు రెండు రకాల సర్వర్ల మీదా నడపవచ్చు.