ముహూర్తం చూశారు సరే... గాలి చూశారా?

కార్తీకం, మార్గశిరం, మాఘం, ఫాల్గుణం, వైశాఖం. మన పెళ్లిళ్లలో ఎక్కువ భాగం ఈ నెలల్లోనే జరుగుతాయి. ఆ వెంటనే హనీమూన్. ఈ నెలల్లో చాలావరకు వానలుండవు. వానల్లేని రోజుల్లోనే ఆసియాలో పొలాలూ అడవులూ తగలబడతాయి, పొగ పైకి పోలేక జనం మధ్యే నిలిచిపోతుంది. అంటే మన పెళ్లిళ్ల కాలమూ పొగ కాలమూ చాలా చోట్ల ఒకే సమయంలో వస్తాయి. పెద్దలు పెట్టిన ముహూర్తాన్ని మార్చలేం. వెళ్లే ఊరిని మాత్రం మార్చుకోవచ్చు. అందుకు పనికొచ్చే విశేషాలు కొన్ని.

★

థాయ్‌లాండ్ ఉత్తరాన ఉన్న చియాంగ్ మాయ్ పాత గుళ్లకూ, కొండలకూ, రాత్రి సంతలకూ పేరున్న ఊరు. మాఘ, ఫాల్గుణాల్లో పెళ్లయిన జంటలకు మాత్రం ఈ ఊరు వద్దనే చెబుతాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ పొగ కాలం. మార్చిలో మరీ ఎక్కువ. ఆ రోజుల్లో ప్రపంచంలోనే అత్యంత కలుషితమైన నగరాల జాబితాలో ఈ ఊరి పేరు మొదటి వరుసలో కనిపిస్తుంటుంది. మొక్కజొన్న కోత అయ్యాక మిగిలిన చొప్పకు నిప్పు పెడతారు. ఆకు రాల్చే అడవులు వేసవి మొదట్లోనే అంటుకుంటాయి. మయన్మార్, లావోస్ నుంచి వచ్చే పొగ వీటికి తోడవుతుంది. ఊరు చుట్టూ కొండలున్న లోయ కావడంతో వచ్చిన పొగ వచ్చినట్టే ఉండిపోతుంది. ఊరిని ఆనుకుని 1,676 మీటర్ల ఎత్తున నిలిచే దోయ్ సుథెప్ కొండ కూడా ఆ రోజుల్లో కంటికి ఆనదు. హోటళ్ల ప్రకటనల్లో కనిపించే నీలాకాశం మార్చి నెలది కాదు.

ఆ అడవి మంటల వెనుక ఒక పుట్టగొడుగు కూడా ఉంది. పేరు హెట్ థోప్. నేలలో గుండ్రంగా పెరిగే ఈ పుట్టగొడుగుకు సంతలో మంచి ధర వస్తుంది. అడవి నేలను కాలిస్తే తొలివానలకు ఇది బాగా వస్తుందని, వెతకడమూ తేలికని అక్కడి కొందరి నమ్మకం. పొగ భరించలేక 2023లో చియాంగ్ మాయ్ వాసులు ఏకంగా దేశ ప్రధాని మీదే కేసు వేశారు. 90 రోజుల్లో అత్యవసర ప్రణాళిక తయారు చేయాలని 2024 జనవరిలో అక్కడి పరిపాలనా న్యాయస్థానం ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఊపిరి కోసం కోర్టుకెక్కిన ఆ జనానికి మనసారా మద్దతు పలకాలి.

★

ఇదే చియాంగ్ మాయ్‌ని నవంబరులో చూస్తే ఎంతో తేడా. వానలు అప్పుడే వెనక్కి తగ్గి ఉంటాయి, ఆకాశం తేటగా ఉంటుంది. మనం కార్తీక పౌర్ణమికి దీపాలు వదిలే రోజుల్లోనే సాధారణంగా అక్కడ లోయ్ క్రథోంగ్ పండుగ వస్తుంది. అరటి దొప్పల్లో దీపం, పువ్వులు, అగరుబత్తి పెట్టి నీళ్లలో వదులుతారు. కార్తీకంలో పెళ్లయి థాయ్‌లాండ్ వెళ్లాలనుకునే జంటకు ఇంతకంటే మంచి సమయం దొరకదు.

మార్చిలోనే వెళ్లక తప్పదంటే థాయ్‌లాండ్ దక్షిణాన ఉన్న ఫుకెట్, క్రాబీ వైపు వెళ్లండి. పొగ మండలానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం, పైగా సముద్రపు గాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడ సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. బ్యాంకాక్ మాత్రం ఈ లెక్కలోకి రాదు. 2025 జనవరిలో అక్కడ దుమ్ము, పొగ పెరిగి వందలాది బడులు మూసేశారు. జనం సొంత వాహనాలు తీయకుండా ఉండాలని వారం రోజులు మెట్రో రైళ్లు, బస్సుల్లో ఉచితంగా తిప్పారు.

★

ఇప్పుడు మన దేశానికి వద్దాం. నవంబరులో ఢిల్లీని కమ్మే పొగకూ, నీళ్లను కాపాడాలని తెచ్చిన ఒక చట్టానికీ సంబంధం ఉందని మీకు తెలుసా?

పంజాబ్‌లో భూగర్భ జలాలు అడుగంటిపోతున్నాయని 2009లో ఒక చట్టం చేశారు. జూన్ 10కి ముందు వరి నాట్లు వేయకూడదన్నది అందులో నియమం. తర్వాత ఆ తేదీని ఇంకా వెనక్కి జరిపారు. హర్యానా కూడా అలాంటి చట్టమే తెచ్చింది. మండుటెండల్లో మోటార్లతో నీళ్లు తోడటం తగ్గించాలన్న ఆ ఉద్దేశం మంచిదే. కానీ నాటు వెనక్కి జరిగితే కోత కూడా వెనక్కి జరుగుతుంది. అక్టోబరు చివర వరి కోసి, నవంబరులో గోధుమ విత్తాలి. నడుమ మిగిలేది రెండు మూడు వారాలే. కోత యంత్రం వదిలిన కొయ్యకాళ్లను అంత తక్కువ సమయంలో తొలగించడానికి రైతుకు చవకగా దొరికే దారి అగ్గిపుల్ల. సరిగ్గా ఆ రోజుల్లోనే గాలి వేగం పడిపోతుంది, వీచే కాస్త గాలీ వాయవ్యం నుంచి ఢిల్లీ వైపు వస్తుంది. ఢిల్లీ పొగ అంతా పొలాలదే కాదు. వాహనాలు, కర్మాగారాలు, నిర్మాణాల దుమ్ము, చెత్త మంటలు ఏడాది పొడవునా ఉండేవే. రైతు ఒక్కణ్నే దోషిని చేసి మాట్లాడటం న్యాయం కాదు.

★

చలికాలంలో గాలి ఎందుకు కదలదు? మామూలుగా నేల దగ్గరి గాలి వేడెక్కి పైకి లేస్తుంది, దానితో పాటే పొగా పోతుంది. చలి రాత్రుల్లో నేల త్వరగా చల్లబడి కింద చల్లగాలి, పైన వెచ్చటి గాలి చేరతాయి. గిన్నెపై మూత పెట్టినట్టు ఆ వెచ్చటి పొర పొగను పైకి పోనివ్వదు. మధ్యాహ్నం ఎండకు ఆ మూత కాస్త తెరుచుకుంటుంది. అందుకే చలికాలంలో తెల్లవారుజాము, రాత్రి వేళల్లో గాలి అధ్వానంగానూ, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య కొంత మేలుగానూ ఉంటుంది.

తాజ్‌మహల్ చూడబోయే జంటలకు ఇది ముఖ్యమైన సంగతి. సూర్యోదయాన తాజ్ అందమే వేరని అందరూ చెబుతారు. నవంబరు నుంచి జనవరి దాకా ఆ సమయంలో వెళ్తే పొగమంచులో గుమ్మటం జాడే దొరక్కపోవచ్చు. ఆ నెలల్లో మధ్యాహ్నం తర్వాత వెళ్లడం తెలివైన పని. శుక్రవారం తాజ్‌కు సెలవు. పౌర్ణమి రాత్రీ, దానికి ముందు రెండు, తర్వాత రెండు రాత్రులూ వెన్నెల్లో తాజ్‌ను చూడనిస్తారు. శుక్రవారాల్లో, రంజాన్ మాసంలో మాత్రం ఉండదు. నా ఓటు మాత్రం శ్రావణంలో పెళ్లయి సెప్టెంబరు చివర వెళ్లే జంటకే. వానలు ఆకాశాన్ని కడిగి ఉంటాయి, యమునలో నీళ్లుంటాయి.

పొగ నుంచి కాపాడేందుకు తాజ్ చుట్టూ 10,400 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని ప్రత్యేక మండలంగా గుర్తించారు. అక్కడి పరిశ్రమలు బొగ్గు మానేయాలనీ, వీలుకానివి తరలిపోవాలనీ 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఎం.సి. మెహతా అనే న్యాయవాది పన్నెండేళ్లు పోరాడి సాధించిన తీర్పు అది.

★

సిమ్లా, మనాలీ ప్యాకేజీలు మన జంటల్లో చాలామందికి ఇష్టం. ఈ రెండు ఊళ్లూ రెండు వేల మీటర్లకు పైనే ఉన్నాయి. ఢిల్లీ మైదానం మీద పరుచుకునే చలికాలపు పొగ పొర సాధారణంగా అంత ఎత్తుకు చేరదు. అంటే చేరాల్సిన చోట ఇబ్బంది లేదు, దారిలోనే ఉంది. ఢిల్లీలో రెండు రోజులు ఆగి, రాత్రి బస్సులో హర్యానా, పంజాబ్ మైదానాలు దాటి వెళ్లే ఏర్పాటు నవంబరు, డిసెంబరుల్లో ఆరోగ్యానికీ మంచిది కాదు, పొగమంచులో ప్రయాణం క్షేమమూ కాదు. విమానంలో చండీగఢ్ దాకా వెళ్లి, పగటిపూట కొండెక్కండి. ఢిల్లీ చూడాలనుంటే తిరుగు ప్రయాణంలో ఒక మధ్యాహ్నం చాలు.

ఎత్తయిన చోటల్లా గాలి బాగుంటుందని కాదు. నేపాల్‌లోని ఖాట్మండూ 1,300 మీటర్ల ఎత్తున ఉన్నా గిన్నె లాంటి లోయ. మార్చి, ఏప్రిల్‌లో అడవి మంటల పొగ తోడై, అదే దేశంలోని పోఖరా నుంచి అన్నపూర్ణ శిఖరాలు కనిపించని రోజులుంటాయి. 2021 మార్చి చివర గాలి భరించరాక నేపాల్ దేశమంతటా బడులకు నాలుగు రోజులు సెలవిచ్చారు. అక్కడికి అక్టోబరు, నవంబరు నెలల్లో వెళ్లడం మేలు.

★

ఒకే గాలికి రెండు మార్కులు వేస్తారని తెలుసా? తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతుకు మించని కణాలను పీఎం 2.5 అంటారు. ఘనపు మీటరు గాలిలో ఇవి 60 మైక్రోగ్రాములుంటే మన దేశపు సూచీ 100 చూపి, ఫర్వాలేదంటుంది. అమెరికా సూచీ అదే గాలికి 150కి పైన వేసి, ఆరోగ్యానికి హానికరమంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో రోజుకు పెట్టిన హద్దు 15 మాత్రమే. కాబట్టి ఒక యాప్‌లో హైదరాబాద్ అంకెనూ మరో యాప్‌లో పారిస్ అంకెనూ చూసి పోల్చకండి. రెండింటికీ పీఎం 2.5 మైక్రోగ్రాములే చూడండి.

★

మాల్దీవుల ఆకాశం గురించి ఒక శాస్త్రీయ ప్రయోగమే జరిగింది. 1999 జనవరి నుంచి మార్చి దాకా పలు దేశాల శాస్త్రవేత్తలు ఓడలు, విమానాలతో అక్కడ మకాం వేశారు. తమిళనాడులో పుట్టిన వీరభద్రన్ రామనాథన్, నోబెల్ గ్రహీత పాల్ క్రుట్జెన్ దీనికి సారథులు. పేరు ఇండోఎక్స్. చలికాలంలో ఈశాన్య గాలులు మన ఉపఖండపు పొగను హిందూ మహాసముద్రం మీదికి మోసుకుపోతున్నాయని, మూడు కిలోమీటర్ల ఎత్తు దాకా గోధుమ రంగు పొర పరుచుకుంటోందని వారు కనుగొన్నారు. అక్కడి గాలి మన నగరాలకంటే ఎంతో నయమే, భయపడాల్సింది లేదు. అయినా మన వంటచెరకు పొగా, మన డీజిల్ పొగా అంత దూరం వెళ్లి చేరుతున్నాయన్నది బాధ కలిగించే నిజం. దక్షిణాసియా దేశాలు సరిహద్దులు దాటే వాయు కాలుష్యంపై 1998లో ప్రకటన చేసిందీ మాల్దీవుల రాజధాని మాలే పేరు మీదే.

★

శ్రావణంలో పెళ్లయి సింగపూర్, మలేసియా వెళ్లేవాళ్లు ఇండోనేసియాపై ఒక కన్ను వేయాలి. సుమత్రా, కాలిమంతాన్ ప్రాంతాల్లో వేల ఏళ్లుగా కుళ్లిన మొక్కలతో ఏర్పడిన మెత్తటి పీట్ నేలలున్నాయి. తోటల కోసం వాటిని ఎండగట్టి తగలబెడితే మంట నేల లోపలికి పోయి వారాల తరబడి రగులుతుంది. పైన నీళ్లు చల్లినా ఆరదు, గట్టి వాన పడాలి. అక్కడ వానలు తగ్గే ఎల్‌నినో ఏడాదుల్లో ఇది మహా విపత్తు. 1997, 2015 అలాంటివే. 2013 జూన్ 21న సింగపూర్ కాలుష్య సూచీ 401కి చేరింది. అక్కడ అదే రికార్డు. మరుసటి ఏడాదే, పొరుగు దేశంలో నిప్పు పెట్టి తమ దేశానికి పొగ పంపే సంస్థలకు జరిమానా వేసే చట్టాన్ని సింగపూర్ తెచ్చింది.

బాలి కూడా ఇండోనేసియాయే కదా అని అడగొచ్చు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ గాలి ఆగ్నేయం నుంచి, ఆస్ట్రేలియా వైపు నుంచి వీస్తుంది. పొగ అటు వాయవ్యానికి పోతుంది తప్ప బాలి వైపు రాదు. ఆ నెలలకు బాలి నిశ్చింతగా ఎంచుకోవచ్చు.

★

అమెరికాలో ఉండే మన పిల్లలు హవాయికి వెళ్తుంటారు. అక్కడ పొగ పెట్టేది అగ్నిపర్వతం. కిలావెయా 1983 నుంచి 2018 దాకా ఎడతెగకుండా లావా కక్కింది, ఆ తర్వాతా విడతలు విడతలుగా రగులుతోంది. దాని గంధకపు వాయువు మబ్బులా మారి, ఎప్పుడూ వీచే ఈశాన్య గాలులతో పెద్ద దీవి పశ్చిమాన ఉన్న కోనా తీరానికి చేరుతుంది. ఉబ్బసం ఉన్నవారు అదే దీవిలో తూర్పు తీరాన బస చూసుకోవడం మంచిది. ఇక కాలిఫోర్నియాలో యోసెమిటీ, లేక్ తాహో వెళ్లేవారికి ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కార్చిచ్చుల భయం.

★

మన లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున కనిపించేది పొగ కాదు, మంచు. తెల్లగా ఉంటుంది, ఒంటికి తడి తగులుతుంది, వాసన ఉండదు, పొద్దెక్కితే విడిపోతుంది. కళ్లు మండి, గొంతులో గరగర మొదలై, బూడిద రంగులో మధ్యాహ్నానికీ కదలకపోతే అది పొగ. మన్యం కొండల్లో పోడు కోసం నిప్పు పెట్టేది వేసవిలో. అందుకే అరకు, లంబసింగి వైపు వెళ్లేవాళ్లకు మార్గశిరమే మేలు.

★

ఆషాఢంలో కొత్తకోడలు పుట్టింటికి వెళ్తుంది. అది ముగిసి శ్రావణం వచ్చేసరికి దేశమంతటా వాన గాలిని కడిగేసి ఉంటుంది. వేసవిలో పెళ్లయిన జంటలు హడావిడిగా మే ఎండల్లో వెళ్లకుండా శ్రావణం దాకా ఆగితే మున్నార్, కూర్గ్ ఏడాదిలోకెల్లా శుభ్రమైన గాలితో దొరుకుతాయి. వర్షంలో తడవాల్సి వస్తుంది, కొండచరియల హెచ్చరికలు చూసుకోవాలి. అయినా ఆగడమే మంచిదంటాను.

★

గాలిలో దుమ్ము ఉంటేనే సూర్యాస్తమయం ఎర్రగా వెలుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి నేలకు దగ్గరగా పేరుకున్న మందపాటి పొగ రంగులను మసకబారుస్తుంది. మండే నారింజ, గులాబీ రంగులు కావాలంటే తేట గాలి ఉండాలి.

గుడ్డ మాస్కు పీఎం 2.5ను ఆపలేదు. ఎన్95 ఆపుతుంది, అదీ ముఖానికి అతుక్కుంటేనే. గుబురు గడ్డం ఉన్నవారికి అంచుల్లోంచి గాలి జొరబడుతుంది. హోటల్ గదిలో ఏసీ ఉంది కదా అని ధీమా వద్దు. మామూలు స్ప్లిట్ ఏసీ జాలీ పెద్ద దుమ్మునే పడుతుంది, సన్న కణాలను వదిలేస్తుంది. గదికి ఎయిర్ ప్యూరిఫయర్ ఇస్తారా అని బుకింగ్ అప్పుడే అడగండి. జంటలో ఎవరికైనా ఉబ్బసం ఉంటే ఇన్‌హేలర్ చెక్-ఇన్ పెట్టెలో కాకుండా చేతిసంచిలో పెట్టుకోండి.

టికెట్లు కొనే ముందు పది నిమిషాలు కేటాయించండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో మన ఊళ్ల వివరాలు, ఐక్యూఎయిర్‌లో విదేశాల వివరాలు ఉచితంగా దొరుకుతాయి. ఈరోజు అంకె చూసి నిర్ణయించకండి. మీరు వెళ్లబోయే నెలలో నిరుడు ఆ ఊరి గాలి ఎలా ఉందో వెతకండి. బాగోకపోతే ఏజెంటుకు చెప్పి ఊరు మార్పించండి. డబ్బు కట్టేశాక కంటే కట్టకముందు మార్చడం తేలిక.